తల్లిదండ్రుల విద్యయు గ్రంథాలయములును

కుండలు చేయువాడు కొన్నియేండ్లు సారెముందు గూర్చుండి తన పని నేర్చుకొనును. నగరి, పుత్తూరు ప్రాంతముల నేతగాడు బాల్యమునుండియు మగ్గముప్రక్క నిలిచి పడుగును పేకను గుర్తించును. వైద్యుడుగాని న్యాయవాదిగాని పరీక్ష తేఱనిదే వృత్తి నవలంబింపరాదని శాసనము కలదు. ఈశ్వరుడు మనుష్యున కప్పగించిన పనులన్నిటిలో గొప్పదగు శిశుపోషణమునకు మాత్రము ఏ శిక్షయు నక్కఱలేదని మన మూరకున్నాము. బిడ్డ పుట్టినంతనే తండ్రికి తండ్రితనమును, తల్లికి తల్లితనమును తమంతట వచ్చునని మన విశ్వాసము. ప్రేమ తనంతట వచ్చుట నిజమే. తెలివి యట్లు రాదు.

పూర్వము ఈ లోటు అంతగా కనబడకుండుటకు కారణము కలదు. పెద్దకుటుంబములలో అవ్వయు, అత్తయు, మేనత్తయు నుండెడివారు. వారు చెప్పినదంతయు మంచిదని మేమనము. పసిబిడ్డకు మొదటి ముఱ్ఱుపాలు పిండి పారబోయుమన్నవారును, విరేచనములగు బిడ్డకు నీరు త్రాగింపవలదన్నవారును వారే. అయినను అడుగుటకు ఒక మనుష్యుడుండెను. ఇప్పుడు తిరుపతి సందులలో ఒక్కగదిలో కాపురమున్న చిన్నదంపతులను చూడుడు. పుంగనూరునుండియో సత్యవేడునుండియో వచ్చి, భర్త హోటలులోనో వసతిగృహములోనో పనిచేయుచు, భార్య నాలుగిండ్ల పాత్రలు తోముచు బ్రదుకుచున్నారు. అవ్వ ఊరిలో నున్నది. బిడ్డ యేడ్చినచో చేతికి సెల్‌ఫోను ఇచ్చుట తప్ప వేఱుపాయ మెఱుగరు. సందేహము గలిగినచో అంగడివాని ప్రకటనయే గురువగుచున్నది.

వీరి కెవరు చెప్పవలయును? ఎచ్చట చెప్పవలయును? ఈ రెండు ప్రశ్నలలో రెండవదానినే మే మిచ్చట ముఖ్యముగా విచారింపదలచితిమి. ఏలయన, స్థల మేర్పడినచో చెప్పువారు దొరకుదురు. స్థలము లేనిదే ఎంత చెప్పినను గాలిలో మాటయగును.

పాఠశాల తగదా యందురేమో. ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు 2024 డిసెంబరు 7వ తేదీని రాష్ట్రమందలి ప్రభుత్వ పాఠశాలలలో ఒక్కదినమున తల్లిదండ్రుల సమావేశములు జరిపించిరి. అది మంచిపని. కాని పాఠశాలకు బిడ్డ ఐదేండ్లు నిండిన పిదపగాని పోడు. మఱియు నచ్చట తల్లి యొక నేరస్థురాలివలె నిలువబడి, కొడుకునకు వచ్చిన మార్కులు వినవలసియుండును. ఆసుపత్రికి రోగము వచ్చినప్పుడే పోవుదురు. 1975లో ఆరంభమయిన శిశుసంరక్షణ పథకమువలన వెలసిన అంగన్‌వాడి కేంద్రములు తల్లులకు మిక్కిలి చేరువయే. కాని అచ్చటి కార్యకర్త కోడిగ్రుడ్లు, పాలు, బరువులు, లెక్కలపుస్తకములు చూచుకొనుటకే దినము చాలదు. మిగిలినది గ్రంథాలయము. అచ్చట పరీక్షలేదు, రుసుములేదు, కులమడుగువారు లేరు, ఎవరును రోగిగానో నేరస్థుడుగానో అడుగుపెట్టనక్కఱలేదు. ఏకేశ్వరుని యెదుట అందఱు సమానులని నమ్ము మనకు, ప్రభుత్వ సంస్థలలో మన మనసునకు దగ్గఱయైనది గ్రంథాలయమే యని తోచుచున్నది.

ఈ సంబంధము మేమిప్పుడు కల్పించినది కాదు. బెజవాడలో 1911లో వెలసిన గ్రంథాలయమునకు రామమోహనరాయల పేరు పెట్టిరి. ఆ గ్రంథాలయమును ఆశ్రయించియే అయ్యంకి వేంకటరమణయ్యగారు, సూరి వేంకటనరసింహశాస్త్రిగారు మొదలగువారు 1914 ఏప్రిలు 10వ తేదీని బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిపిరి. చిలకమర్తి లక్ష్మీనరసింహముగా రధ్యక్షులు. రాయలసీమవారగు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు తరువాతికాలమున గ్రంథాలయమును వయోజనవిద్యయు రెండుకాదని తమ జీవితముచేత చూపిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణకాలువమీద పుస్తకములను పడవలో ఊరూరికి మోయించిరి. చదువరి గ్రంథాలయమునకు రాలేనిచో గ్రంథాలయమే చదువరికడకు పోవలయునను తలంపు అప్పటిది.

తల్లులకు బోధించుపని అంతకంటె పాతది. వంగదేశమున 1863లో ఉమేశచంద్రదత్తు మొదలగు బ్రాహ్మయువకులు ‘వామాబోధినీ పత్రిక’ను స్థాపించి, ఇల్లువెడలరాని స్త్రీలకు ఇంటికడనే చదువును, ఆరోగ్యమును, శిశుపోషణమును దెలుపుచు వచ్చిరి. ఆ పత్రిక 1922 వఱకు నడచెను. మన కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1883లో ‘సతీహితబోధిని’ని నడపిరి; ‘దేహారోగ్యధర్మబోధిని’ యనునది స్త్రీలకొఱకే రచించిరి. ఈ మహనీయుల ఋణము తీఱునది కాదు. అయినను వారి పనిలో రెండు కొఱతలు కలవని చెప్పుటకు సంకోచింపరాదు. పత్రిక చదువనేర్చినవారి యింటికి మాత్రమే పోవును. మఱియు బిడ్డనుగూర్చిన బోధ యంతయు తల్లికే గాని తండ్రికి లేదు. నూటయేబది యేండ్లు గడచినను ఈ రెండు కొఱతలును మన గ్రంథాలయములలో అట్లే యున్నవి.

గ్రంథాలయము ఎవరి సొమ్ముతో నడచుచున్నదో మఱవరాదు. చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రములో నున్నప్పుడు 1948లో మద్రాసు ప్రజాగ్రంథాలయముల చట్టము పుట్టెను. ఆంధ్రప్రదేశమునకు 1960లో వేఱు చట్టము వచ్చెను. దాని ననుసరించి ఇంటిపన్నులో రూపాయకు 8 పైసలు గ్రంథాలయపన్నుగా వసూలగుచున్నది. స్థానికసంస్థలు దానిని వసూలుచేసి జిల్లా గ్రంథాలయసంస్థకు జమకట్టవలయును. పలుచోట్ల వసూలైన సొమ్ము జమగాక బకాయిపడుచుండుట వేఱొక వ్యాసమునకు తగిన విషయము. ఇచ్చట మేము గమనింపుడనునది వేఱు: ఒక్కగది యింటికి అద్దె నిచ్చువారు ఆ అద్దెలో ఈ పన్నును గూడ ఇచ్చుచున్నారు. అక్షరము రాని తల్లియు గ్రంథాలయమునకు పన్ను గట్టినదే. ఆమెకు తిరిగి ఇచ్చినదేమి?

2011వ సంవత్సరపు జనాభాలెక్కల ప్రకారము అవిభక్త చిత్తూరు జిల్లాలో ఏడేండ్లు నిండిన మగవారిలో నూటికి సుమారు 80 మందియు, ఆడవారిలో 63 మందియు చదువనేర్చినవారు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలనమువలన, మన రాష్ట్రమున 20 మొదలు 24 ఏండ్ల వయసుగల స్త్రీలలో నూటికి 29 మందికి పదునెనిమిదేండ్లు నిండకమునుపే వివాహమైనట్లు తెలిసినది. అనగా, మనము విద్య చెప్పవలసిన తల్లులలో ననేకులు తామే బాలికలు. ఈ లెక్కలను ప్రక్కన నుంచుకొని ఏ శాఖాగ్రంథాలయమునకైనను పోయి చూడుడు. వార్తాపత్రికలచుట్టు వృద్ధపురుషులు, బల్లలయొద్ద ఉద్యోగపరీక్షలకు సిద్ధపడు యువకులు, యువతులు కొందఱు. వీరు రాగూడదని మేమనము. కాని చంటిబిడ్డను చంకనిడుకొన్న స్త్రీ లోని కడుగిడినచో, బిడ్డ యేడ్చునేమోయని ఆమెయు, ఏడ్చెనని వారును కలవరపడుదురు. ‘నిశ్శబ్దము’ అను పలక గోడమీద నున్నది. తల్లి తీఱికగానుండు మధ్యాహ్నమున శాఖాగ్రంథాలయములు చాలవఱకు మూసియుండును; ఉదయమును సాయంకాలమును తెఱచు వేళలలో ఆమె పొయ్యియొద్ద నుండును. ఎవరును ద్వేషబుద్ధితో చేసినది కాదు. అయినను ఆమెను బయటనుంచుటకు ఇంతకంటె చక్కని యేర్పాటు మఱియొకటి లేదు.

ఇక మా భంగపాటును చెప్పుకొందుము. కొన్నియేండ్లక్రిందట, నవంబరు 14 మొదలు 20 వఱకు జరుగు గ్రంథాలయవారోత్సవములలో, పుత్తూరు ప్రక్కన నొక గ్రామమున శిశుపోషణమును గూర్చి యుపన్యసించుటకు మేమును ఒక వైద్యుడును పోతిమి. పందిరి వేసిరి. పెద్దలు ముందు కుర్చీలలో కూర్చుండిరి. స్త్రీలు ద్వారముకడ, కొందఱు వీధిలోను నిలిచిరి. మేము గంటసేపు మాటాడితిమి. మాంసకృత్తులనియు, సూక్ష్మపోషకములనియు చాల ముచ్చటగా వివరించితిమి. ముగించి, ‘అమ్మా, సందేహములున్న నడుగుడు’ అంటిమి. కొంతసేపటికి ఒక యవ్వ, మనుమని భుజముననుంచుకొన్న యామె, ‘నాయనా, పిల్లకాయకు పాలు తాపే యేళయింది, ఇంక పోవచ్చునా?’ అని యడిగెను. అందఱు నవ్విరి. మేమును నవ్వితిమి. తిరిగి వచ్చుదారిలో నవ్వు రాలేదు. శిశుపోషణోపన్యాసముచేత శిశువునకు పాలువేళ తప్పించినవారము మేము.

ఆ నాటినుండి ఈ విషయమున ఇతరదేశములవా రేమి చేయుచున్నారని విచారింపసాగితిమి. అమెరికాలో న్యూయార్కు నగరమునకు తూర్పుననున్న లాంగ్ ఐలండులో మిడిల్ కంట్రీ పబ్లిక్ లైబ్రరీ యను ప్రజాగ్రంథాలయము కలదు. అచ్చటివారు 1979లో ‘తల్లిదండ్రులు–బిడ్డల గోష్ఠి’ యని యొకటి ఆరంభించిరి. దాని పద్ధతి మాకు మిక్కిలి నచ్చినది గావున కొంత విపులముగా వ్రాయుచున్నాము. ఒకటినుండి మూడేండ్ల లోపు బిడ్డలు తమ తల్లితోనో తండ్రితోనో వారమున కొకసారి వత్తురు. గదిలో నేలమీద బొమ్మలు, దిమ్మలు, రంగులు, అట్టపుస్తకములు పఱచియుండును. బిడ్డలు ఆడుకొందురు; పెద్దలును వారితోపాటు నేలమీదనే కూర్చుందురు. ఉపన్యాసములేదు. ప్రతివారమును ఒక నిపుణుడు, అనగా ఒకనాడు శిశుమనోవికాసము తెలిసినవాడు, ఒకనాడు ఆహారము తెలిసినవాడు, ఒకనాడు మాటలు ఆలస్యముగా వచ్చు బిడ్డలను గూర్చి యెఱిగినవాడు, వచ్చి, ఒక్కొక్క తల్లిప్రక్కన చతికిలబడి, ఆమె బిడ్డ యాటను చూచుచు ఆమెతో మాటాడును. ఆమె యడిగిన ప్రశ్నకే జవాబు చెప్పును. ఐదువారములలో గోష్ఠి ముగియును. తరువాత ఆ తల్లి గ్రంథాలయమునకు కొత్తదికాదు. ఈ పద్ధతి క్రమముగా అమెరికాలో అనేక గ్రంథాలయములకు వ్యాపించినది.

ఇందులో గొప్ప రహస్యమేమియు లేదు; ఉన్నదల్లా కూర్చుండు తీరు. నిపుణుడు వేదికనుండి నేలకు దిగినాడు. బిడ్డ అడ్డుగాక పాఠ్యపుస్తకమైనాడు.

మన పొరుగుననే యొక దృష్టాంతము కలదు. నెల్లూరు జిల్లాలో అక్షరోద్యమము జరుగుచున్న 1991-92 కాలమున, వయోజనుల వాచకమందలి ‘సీతమ్మ కథ’ మొదలగు పాఠములను స్త్రీలు కూడి చదివి, చర్చించి, తమ యింటి దుఃఖమే అందులో నున్నదని గ్రహించిరి. దూబగుంటలో సారాయి అంగడి మూతపడెను. ఆ యుద్యమము రాష్ట్రమంతయు వ్యాపించెను. పాఠ మొకరు చెప్పగా వినినదికాదు, తమ మాటతో కలిపి చదివినది. అందుచేతనే దానికి బలము వచ్చెను.

మన గ్రంథాలయములలో మొదటి గోష్ఠి ఎట్లుండవలయునో ఒక పాఠము మాదిరిగా చూపుదుము. విషయము: బిడ్డకు విరేచనములు. చిత్తూరు ప్రాంతమున వేసవిలోను, తొలకరి వానలలోను ఏ తల్లి కిది తెలియని బాధ? బల్లలు ప్రక్కకు జరిపి చాపలు పఱచుడు. ఒక లీటరు సీసా, కాచి చల్లార్చిన నీరు, చక్కెర, ఉప్పు, ఒక చిన్నచెంచా తెచ్చుకొనుడు. ముందుగా మాటాడవలదు. ‘మీ యింట నేమి చేయుదురు?’ అని యడుగుడు. ఒకతె గంజి యనును. ఒకతె మజ్జిగ యనును. ఒకతె నీరు మాన్పింతు ననును. ఒకతె తాయెత్తు గట్టింతు ననును. ఎవరిని నవ్వరాదు. గంజియు మజ్జిగయు పథ్యమే యని మెచ్చుకొనుడు. నీరు మాన్పించుట మాత్రమెందుకు చెఱుపో, వాడిన తోటకూరకట్టను నీళ్లలోనుంచి చూపుడు. పిదప ఒక లీటరు నీటిలో తలకొట్టిన చెంచాలు ఆఱు చక్కెరయు, అఱచెంచా ఉప్పును వేసి కలుపుట ఒక తల్లిచేతనే చేయింపుడు. అందఱు రుచి చూడవలయును, కన్నీటికంటె ఉప్పగానుండరాదు. అంగడిలో ఓఆర్ఎస్ పొట్లము దొరకునని, అది యింకను మేలని చెప్పుడు. వైద్యు నడిగి జింకుమాత్రలు 10 మొదలు 14 దినములు వేయవలయునని చెప్పుడు. చనుబాలు మాన్పరాదు. రక్తము పడినను, మూత్రము రాకున్నను, కన్నులు లోతుకుపోయినను, త్రాగనేరకున్నను ఆసుపత్రికి తక్షణమే పోవలయును. ఇంతే పాఠము. ముప్పావుగంట పట్టును.

ఇది చిన్నవిషయమనువారు 1971వ సంవత్సరమును జ్ఞప్తికి దెచ్చుకొందురుగాక. తూర్పుబంగాళమునుండి లక్షలకొలది శరణార్థులు వచ్చినప్పుడు బనగావు శిబిరమున కలరా ప్రబలెను. సిరలలోని కెక్కించు సెలైను అయిపోయెను. డాక్టరు దిలీప మహలనవీసుగారు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని డ్రమ్ములలో నింపించి, రోగుల బంధువుల చేతికే గ్లాసు ఇచ్చి, త్రాగించుట నేర్పిరి. నూటికి ముప్పదిమంది చచ్చుచున్నచోట చావులు నూటికి నాలుగింటికంటె తక్కువకు దిగినవి. అచ్చట పనిచేసినది ఔషధము మాత్రమే కాదు. తల్లికి నేర్పవచ్చునను నమ్మకము.

రెండవ గోష్ఠికి విషయము మాటలు. మూడేండ్లలోపు బిడ్డ వినిన మాటలవలనను, తన కూతకు వచ్చిన జవాబులవలనను భాష నేర్చును. సెల్‌ఫోను మాటాడును గాని జవాబు చెప్పదు. తల్లికి చదువురాకున్నను బొమ్మలపుస్తకము పట్టుకొని ‘ఇది యేమి? కుక్క యేమనును?’ అని యడుగవచ్చును. పొడుపుకథ వేయవచ్చును. ఇచ్చట మన ప్రాంతమునకు ప్రత్యేకమగు చిక్కొకటి కలదు. సత్యవేడు, నగరి వైపున తమిళమును, కుప్పము, పలమనేరు వైపున తమిళ కన్నడములును తెలుగుతో కలిసియున్నవి. ఇంట నొక భాషయు బడిలో నొక భాషయు నుండుటచే, తల్లి తన మాటను తక్కువగా నెంచి, తనకు సగము వచ్చిన ఇంగ్లీషుముక్కలు బిడ్డతో పలుకుచున్నది. ఇది మానిపింపవలయును. తల్లి తనకు బాగుగా వచ్చిన భాషలోనే బిడ్డతో విస్తారముగా మాటాడవలయును. ఆ పునాదిమీద రెండవభాష తేలికగా నిలుచును. శాఖాగ్రంథాలయములలో తెలుగు బొమ్మలపుస్తకములతోపాటు తమిళమువి పది యుండినచో ఎవరి సొమ్ము పోవును?

పుస్తకములు చాలవను మాటయు సరికాదు. కథలు తల్లులయొద్దనే యున్నవి. తిరుపతి ప్రాంతపు రచయిత నామిని సుబ్రహ్మణ్యము నాయుడుగారు ‘మా అమ్మ చెప్పిన కతలు’ అని పుస్తకమే వ్రాసిరి; ఈ సీమ పలుకుబడి యందులో నున్నది. గంగమ్మ జాతర నాటి ముచ్చటలు, నక్కకథలు, అత్తకోడండ్ర పరిహాసములు చెప్పనేర్చిన యవ్వలు ప్రతి సందులోను కలరు. వారానికి ఒక యవ్వను కథ చెప్పించి, గ్రంథపాలకుడు దానిని పెద్దయక్షరములతో వ్రాసి, పిల్లలచేత బొమ్మలు వేయించి, ఆమె పేరు అట్టమీద వ్రాసి అలమరలో పెట్టవలయును. ఆమె మనుమడు దానిని వెదకికొనుచు వచ్చును. మదనపల్లె ప్రక్కన ఋషివ్యాలీవారు తమ పల్లెబడులలో ‘మెట్రిక్ మేళా’ యని జరుపుచుండిరి. పిల్లలు త్రాసులు పట్టి, కొలపాత్రలు పట్టి సంత నడపుదురు, తల్లిదండ్రులు వచ్చి బేరమాడి బిడ్డల లెక్కలు చూతురు. నిరక్షరుడగు తండ్రియు తూకములో గురువే కదా. ఇట్టివి గ్రంథాలయపు వసారాలో చేయుటకు అడ్డేమి?

తండ్రులమాట వచ్చినది. మన సీమలో తండ్రి బిడ్డను ఎత్తుకొని ముద్దాడును, వెఱపించును, ఫీజు కట్టును, పెంచడు. పెంచుట ఆడవారి పనియట. రవీంద్రనాథ ఠాకూరుగారు 1902లో భార్యను గోలుపోయి, తల్లిలేని బిడ్డలను చెంతనుంచుకొని, 1903లో ‘శిశు’ వను కవితలు కూర్చిరి. మహర్షి దేవేంద్రనాథుని కొడుకు, లోకప్రసిద్ధుడు, బిడ్డ మంచముప్రక్కన కూర్చుండుటను చిన్నతనముగా నెంచలేదు. ఆయన 1919లో మదనపల్లె దివ్యజ్ఞానకళాశాలకు వచ్చి కొన్నిదినములు నిలిచిరి. ఆయన పాదము సోకిన సీమవారము మనము. తండ్రులగోష్ఠి ఆదివారము సాయంకాలమున నుండవలయును. జీపులు, ఆటోలు నడపువారికి ఆదివారము యాత్రికుల రద్దీ యధికము గావున, తిరుమలకొండక్రింది వీథులలో మంగళవారమో బుధవారమో చూచుకొనవలయును. తండ్రి ఒంటరిగా రాగూడదు. బిడ్డను తీసికొనియే రావలయునను నియమ ముంచుడు. అది ఒక్కటియే సగము పాఠము.

ఇంతవఱకు చదివిన మా మిత్రులు, పేదతల్లులకు బోధింపవలసినదే యని తలయూపుచుందురు. కటువైన మాట యిప్పుడు చెప్పవలసియున్నది. తల్లిదండ్రుల విద్య పేదలకే కావలయునని యెవరు చెప్పిరి? తిరుపతిలోను చిత్తూరులోను చదువుకొన్న గృహస్థుల బిడ్డలేమగుచున్నారు? పండ్రెండేండ్లు నిండకమునుపే కొడుకును వసతికళాశాలలో చేర్చుచున్నాము. తెల్లవాఱుజామున లేపి, రాత్రి పదిగంటలవఱకు చదివింపుడని యప్పగించుచున్నాము. నెలకొక ఆదివారము పోయి, పండ్లు, చక్కిలాలు ఇచ్చి, మొదటిమాటగా ‘ఈ పరీక్షలో ర్యాంకెంత?’ యని యడుగుచున్నాము. బిడ్డ ముఖము చూచి యడిగిన ప్రశ్నకాదది. నామినిగారు ‘చదువులా? చావులా?’ అని పుస్తకమునకు పేరు పెట్టుటలో అతిశయోక్తి లేదు. ప్రభుత్వలెక్కల ప్రకారము దేశమున 2022లో ఆత్మహత్య చేసికొన్న విద్యార్థులు 13,000 మందికి పైబడినారు.

విశాఖపట్టణమున 2023లో ఒక విద్యార్థిని వసతిగృహమున మరణించిన వ్యాజ్యములో, సుప్రీముకోర్టువారు 2025 జులై 25వ తేదీని తీర్పునిచ్చుచు, విద్యాసంస్థలు పాటింపవలసిన పదునైదు సూత్రములను విధించిరి. తల్లిదండ్రులకు మనోవేదనలను గూర్చి తెలియజెప్పు సమావేశములను జరుపుచుండవలయునను నది అందులో నొకటి. అనగా, చదువుకొన్న తల్లిదండ్రులకు చదువు చెప్పుడని దేశపు అత్యున్నత న్యాయస్థానము ఆజ్ఞాపించినది. ఇది మనకు సిగ్గా, మేలా యని తర్కించుట కంటె, ఆ సమావేశమును విద్యాసంస్థవారే జరిపినచో నేమగునో ఆలోచింపుడు. ఫీజు పుచ్చుకొనువాడు ఫీజు కట్టువానితో, ‘అయ్యా, నీ కొడుకును ఇంటికి తీసికొనిపొమ్ము, వాడు నిద్రపోవలయును’ అని చెప్పునా? లాభనష్టములు లేని తావున నీ సంభాషణ జరుగవలయును. గ్రంథాలయము అట్టితావు. ఉపాధ్యాయుడు, మనోవైద్యుడు, చదువు మధ్యలో మానివచ్చి వేఱుపనిలో సుఖముగా నున్న యువకుడు, వీరు ముగ్గురును తండ్రులతో కూడి కూర్చుండునట్లు చేయవలయును. మానసికవేదనలకు ప్రభుత్వమువారు 2022లో ఏర్పఱచిన టెలిమానస్ అను ఉచిత టెలిఫోను 14416 అను సంఖ్యను పెద్దయక్షరములతో ద్వారముకడ వ్రాసి పెట్టవలయును.

మే మొక సంగతి గమనించితిమి. ఒక్కగది యింటి తల్లి గోష్ఠికి వచ్చినచో, తనకు తెలియదని యొప్పుకొని వచ్చును. మనవారు వచ్చుట కష్టము. వచ్చినను ఇతరులకు బోధించుటకు వత్తురు. కావున రెండు గోష్ఠులను వేఱువేఱుగా నుంచరాదని మా యభిప్రాయము. వకీలుగారి కోడలును పనిమనిషియు ఒకే చాపమీద కూర్చుండి, ఒకతె బిడ్డ యేల తినుటలేదో, ఒకతె బిడ్డ యేల మాటాడుటలేదో చెప్పుకొనవలయును. పనిమనిషి బిడ్డ నాలుగిండ్లవారితో మాటాడుచు పెరుగుటచే గలగల మాటాడుచుండుట వకీలుగారి కోడలు చూచును. ఎవరు గురువో అచ్చట తేలును. దీనికి మొదట కొందఱు ముఖము ముడుచుకొందురు. కులభేదము మానితిమని చెప్పుకొను మనకు ఈ చాప మంచి పరీక్ష.

ఆటంకములు లేకపోలేదు. శాఖాగ్రంథాలయములలో ఒక్క గ్రంథపాలకుడే యుండును; కొన్నిచోట్ల ఇద్దఱి పని యొకడు చేయుచుండును. మధ్యాహ్నము తెఱవుమనుట అతని నెత్తిమీద మఱియొక మూట పెట్టుటయే. కావున ప్రభుత్వాజ్ఞకై కాచుకొనియుండక, వారమున కొక్కదినము మధ్యాహ్నము 2 గంటలనుండి 4 వఱకు గ్రంథాలయమును తెఱచియుంచు బాధ్యతను మన సమాజపు స్త్రీపురుషులు తీసికొని, జిల్లా గ్రంథాలయసంస్థవారికి వ్రాతపూర్వకముగా నర్జీ పెట్టుకొనవలయును. తిరుపతిలో శ్రీపద్మావతీ మహిళావిశ్వవిద్యాలయమును, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయమును ఉన్నవి. అచ్చటి విద్యార్థినులు తాము చదివినది తల్లులతో కూర్చుండి పరీక్షించుకొనుటకు ఇంతకంటె మంచి ప్రయోగశాల దొరకదు. ఖర్చు స్వల్పము: చాపలు నాలుగు, బొమ్మలపుస్తకములు ముప్పది, కొయ్యదిమ్మలు, ఒక ఊయల, ఒక నీళ్లకుండ. చెప్పులు పెట్టుటకు నీడగల తావు చూడవలయును. ఎండకు కాలిన చెప్పులు తొడుగుకొనలేక బిడ్డ యేడ్చిన తల్లి మరునాడు రాదు.

‘నిశ్శబ్దము’ పలకను ఆ రెండుగంటలు త్రిప్పి పెట్టవలయును. మఱియొక చిన్నవిషయము మిగిలియున్నది. తాళపుచెవి యెవరియొద్ద నుండవలయును? మా యూరిలో దీనినిగూర్చి మూడు సమావేశములు జరిగినవి. గ్రంథపాలకుడు వెనుదీసెను, పెద్దలలో నొకరు తమ యింటనుంచుకొందుమనిరి. చివరకు ఆ వీథిలో పూలు కట్టి యమ్ముకొను నొకామెకును, ఆమె యెదురింటి ఉపాధ్యాయినికిని చెఱియొక తాళపుచెవి యిచ్చుటకు ఒప్పుదల యైనది. వచ్చు బుధవారము మొదటి గోష్ఠి.